అలసట, నిద్రమత్తు: మా అమ్మకున్నది ఏది, నాన్నకున్నది ఏది?

ప్రశ్న
అడిగినవారు: గోస్తనీ తీరం

మా అమ్మకు 53 ఏళ్లు, నాన్నకు 59 ఏళ్లు. ఇద్దరూ తణుకు దగ్గర మా పల్లెలోనే ఉంటారు, నేను ఉద్యోగరీత్యా హైదరాబాదులో ఉంటున్నాను. పోయిన పండుగకు వెళ్లినప్పుడు ఇద్దరినీ పట్టణంలో ఒక వైద్యుని వద్దకు తీసుకువెళ్లాను. ఇబ్బంది ఏమిటని ఆయన అడిగితే ఇద్దరూ ‘నీరసంగా ఉంటోందండీ’ అనే చెప్పారు, ఆయన ఇద్దరికీ ఒకే రకం బలం మాత్రలు రాసి పంపించారు. అయితే కొన్నాళ్లు దగ్గరుండి చూసిన నాకు ఇద్దరిదీ ఒకే నీరసం అని నమ్మకం కలగడం లేదు.

అమ్మ ఉదయం లేచేసరికే ఒళ్లు బరువుగా ఉందంటుంది. వంట పూర్తయ్యేసరికి గుమ్మంలో చతికిలబడుతుంది, డాబా మెట్లెక్కితే ఆయాసపడుతుంది. మధ్యాహ్నం కాసేపు పడుకోమంటే పడుకుంటుంది గాని కన్ను మూతపడదు. రోజంతా అలసిపోయానని రాత్రి ఎనిమిదిన్నరకే మంచం ఎక్కుతుంది, ఆ తరువాత పన్నెండింటి దాకా అటూ ఇటూ దొర్లుతూనే ఉంటుంది. ఆ సమయంలో కాళ్లు లాగుతున్నట్టుగా ఉంటాయని, కదిలిస్తే తప్ప ఊరట ఉండదని కూడా చెబుతుంది.

నాన్న తీరు దీనికి పూర్తిగా భిన్నం. ఆయన మంచం మీద వాలీవాలగానే గురక మొదలవుతుంది, తెల్లవారేదాకా ఆగదు. పగలు పేపరు చదువుతూ తూగుతారు, టీవీ ముందు తూగుతారు, ఒకసారి పెళ్లిలో పెద్దలతో మాట్లాడుతూనే కునుకు తీశారు. కాళ్ల మంట తప్ప తనకు ఏ జబ్బూ లేదని, తనంత హాయిగా నిద్రపోయేవారు ఊళ్లో ఎవరూ లేరని ఆయన అభిప్రాయం. చాలా ఏళ్లుగా మధుమేహానికి మెట్‌ఫార్మిన్ వాడుతున్నారు, కాళ్ల మంటకు రాత్రిపూట ప్రెగబాలిన్ ఉన్న మాత్ర వేసుకుంటారు. చేపల చెరువుల పని మీద స్వయంగా కారు నడుపుకుంటూ భీమవరం, ఆకివీడు వైపు తరచుగా తిరుగుతుంటారు, నాకు ఎక్కువ బెంగ అక్కడే.

అలసటను, నిద్రమత్తును ఇంట్లోనే వేరుచేసి గుర్తించే పద్ధతి ఏదైనా ఉందా? వేరుచేసి గుర్తించినందువల్ల చికిత్సలో నిజంగా తేడా వస్తుందా? తెలిసినవారు కాస్త వివరంగా చెప్పగలరు.

సమాధానం 1
జనరల్ మెడిసిన్ వైద్యుడు, రాజమహేంద్రవరం

నీరసం అన్న మాట వినగానే వైద్యుడు వేయవలసిన తొలి ప్రశ్న ఇది: ఏ పనీ లేకుండా, చప్పుడు లేని గదిలో అరగంటసేపు పడుకోబెడితే మీకు నిద్ర పడుతుందా? మీ నాన్నగారు ‘ఎందుకు పట్టదు?’ అంటారు, మీ అమ్మగారు ‘నాకా అదృష్టమా!’ అంటారు. ఈ ఒక్క ప్రశ్నతోనే సగం పని పూర్తవుతుంది, ఎందుకంటే నిద్రమత్తు అంటే అవకాశం దొరికితే చాలు మెదడు నిద్రలోకి జారిపోయే స్థితి, అలసట అంటే పని మొదలుపెట్టడానికో కొనసాగించడానికో కావలసిన శక్తి లేదని శరీరమో మనసో మొరాయించే స్థితి. నిద్రమత్తు ఉన్న మనిషిని కూర్చోబెడితే తూగుతాడు, నడిపిస్తే కాసేపు తేరుకుంటాడు. అలసట ఉన్న మనిషి కూర్చుంటే కాస్త తెరిపిన పడతాడు, నడిపిస్తే మరింత డీలాపడతాడు.

ఇవి రెండూ శరీరంలో వేర్వేరు దారుల్లో పుడతాయి. మనం మెలకువగా ఉన్నంతసేపూ మెదడులో అడెనోసిన్ అనే పదార్థం పేరుకుంటూ నిద్ర అవసరాన్ని పెంచుతుంది, నిద్రపోతే అది తగ్గిపోతుంది. దీనికి తోడు శరీర గడియారం ఉంది; అది అర్ధరాత్రి దాటాక తెల్లవారుజాము వరకు మనల్ని బలంగానూ, మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు మధ్య కొంత స్వల్పంగానూ నిద్రవైపు నెడుతుంది. ఈ రెండు ప్రక్రియలూ కలిసి నిద్రమత్తును నిర్ణయిస్తాయన్న నమూనాను 1982లో అలెగ్జాండర్ బోర్బెలీ అనే శాస్త్రవేత్త ప్రతిపాదించాడు, నేటికీ నిద్రశాస్త్రం దాని మీదనే ఆధారపడి నడుస్తోంది. కాఫీలోని కెఫీన్ మెదడులో అడెనోసిన్ పనిచేసే చోట్లను అడ్డుకుంటుంది కనుక నిద్రమత్తును కొన్ని గంటలపాటు కప్పిపెట్టగలదు. అలసటకు ఇటువంటి ఒకే యంత్రాంగం లేదు. రక్తహీనత, థైరాయిడ్ లోపం, అదుపులో లేని మధుమేహం, బి12 లోపం, మూత్రపిండాల జబ్బు, గుండె బలహీనత, క్షయ, మానసిక కుంగుబాటు, రక్తపోటుకు వాడే అటెనోలాల్ వంటి మందులు, వీటిలో ఏదైనా కారణం కావచ్చు. ఈ జాబితాలోని చాలా జబ్బుల్లో రోగి రోజంతా అలసిపోయి ఉంటాడు గాని పగలు నిద్రపోడు.

ఇంట్లో కొలుచుకోవడానికి ఎప్‌వర్త్ నిద్రమత్తు కొలమానం ఉంది. దానిని 1991లో మెల్‌బోర్న్‌లో మర్రే జాన్స్ అనే వైద్యుడు రూపొందించాడు. చదువుకుంటూ కూర్చున్నప్పుడు, టీవీ చూస్తున్నప్పుడు, సభలో కదలకుండా కూర్చున్నప్పుడు, గంటసేపు ఆగకుండా సాగే ప్రయాణంలో కారులో కూర్చున్నప్పుడు, మధ్యాహ్నం నడుం వాల్చినప్పుడు, ఒకరితో కూర్చుని మాట్లాడుతున్నప్పుడు, మద్యం లేని మధ్యాహ్న భోజనం తరువాత ఊరికే కూర్చున్నప్పుడు, ట్రాఫిక్‌లో కారు కొన్ని నిమిషాలు ఆగినప్పుడు కునుకు పట్టే అవకాశం ఎంత ఉందో ఒక్కొక్కదానికి 0 నుంచి 3 వరకు అంకె వేసుకోవాలి. మొత్తం 24కు 10 దాటితే నిద్రమత్తు ఉండవలసినదానికన్నా ఎక్కువని అర్థం. ఈ ప్రశ్నల్లో ‘మీకు అలసటగా ఉందా?’ అన్నది ఒక్కచోట కూడా లేదని గమనించండి. అలసటకు వేరే కొలమానం ఉంది; 1989లో వచ్చిన ఆ పత్రంలో తొమ్మిది వాక్యాలుంటాయి, ఒక్కొక్కదానితో ఎంతవరకు ఏకీభవిస్తారో 1 నుంచి 7 వరకు అంకె వేయాలి. ఒకే మనిషికి ఒక పత్రంలో చాలా ఎక్కువ, రెండో పత్రంలో చాలా తక్కువ రావడం మాకు మామూలుగా కనిపించే విషయమే.

దీర్ఘకాలిక నిద్రలేమి ఉన్నవారి సంగతి వింతగా అనిపిస్తుంది. రాత్రి నిద్ర లేదు కనుక వారు పగలు తూగుతూ ఉండాలని మనం అనుకుంటాం. పగటిపూట రెండేసి గంటల తేడాతో నాలుగైదు సార్లు పడుకోబెట్టి ఎన్ని నిమిషాల్లో నిద్ర పడుతుందో కొలిచే పరీక్ష ఒకటుంది. ఆ పరీక్షలో వారు ఆరోగ్యవంతులకన్నా త్వరగా నిద్రపోరు, కొందరికి ఇంకా ఆలస్యం అవుతుంది. శరీరం రాత్రీ పగలూ అప్రమత్త స్థితిలోనే ఉండిపోవడం దీనికి కారణం. మీ అమ్మగారు చెప్పేది ఈ తీరుకు దగ్గరగా ఉంది.

అయినా ఆమె విషయంలో ముందు చూడవలసినది రక్తం. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. మీ అమ్మగారు ఆ వయసు దాటినా, ఏళ్ల తరబడి ఖాళీ అయిన ఇనుము నిల్వలు నెలసరి ఆగినంత మాత్రాన వాటంతటవే నిండిపోవు. హిమోగ్లోబిన్‌తో పాటు, శరీరంలోని ఇనుము నిల్వలను తెలిపే ఫెరిటిన్ కూడా చూడమని అడగండి. హిమోగ్లోబిన్ 12 దాటి ఉన్నా ఫెరిటిన్ తక్కువగా ఉండవచ్చు, రాత్రి కాళ్లు కదిలించకుండా ఉండలేని ఇబ్బందికి ఇనుము కొరత బాగా తెలిసిన కారణం. ఆ ఇబ్బంది ఉన్నవారిలో ఫెరిటిన్ 75 లేక అంతకన్నా తక్కువ ఉన్నా ఇనుము ఇవ్వడాన్ని పరిశీలిస్తాం. అంటే ఒకే కొరత పగటి అలసటకూ, రాత్రి నిద్ర చెడడానికీ మూలం కావచ్చు. ఈ వయసులో ఇనుము కొరత తేలితే రక్తం ఎక్కడైనా పోతోందా అన్నది కూడా చూడాలి. థైరాయిడ్, బి12, చక్కెర, మూత్రపిండాల పరీక్షలు ఎలాగూ చేయించండి. రోజూ ఇష్టంగా చేసే పనులమీద ఆసక్తి పోయిందా అని కూడా ఆమెను ఏకాంతంగా, నెమ్మదిగా అడగండి.

మీ నాన్నగారి లక్షణాలు నిద్రలో శ్వాస ఆగిపోయే జబ్బును సూచిస్తున్నాయి, దీన్నే స్లీప్ ఆప్నియా అంటారు. నిద్రలో గొంతు కండరాలు వదులై శ్వాసమార్గం మూసుకుపోతుంది, రక్తంలో ఆక్సిజన్ పడిపోతుంది, మెదడు కొన్ని క్షణాలపాటు మేల్కొని శ్వాసను తిరిగి నడిపిస్తుంది. గంటకు ఇలా 5 సార్లు జరిగినా జబ్బు కిందే లెక్క, 30 దాటితే తీవ్రమైనది. ఆ మెలకువలు రోగికి గుర్తుండవు కనుక ఆయన హాయిగా నిద్రపోయానని చెప్పడంలో అబద్ధం లేదు. పడుకోగానే నిద్ర పట్టడాన్ని మన ఇళ్లల్లో పుణ్యఫలంగా చెప్పుకుంటారు గాని, పగలు కూడా అలాగే పడుతుంటే దాన్ని పరీక్షించవలసిందే.

సమాధానం 2
అర్ధరాత్రి పాఠకుడు

వైద్యుని మాటకు అనుబంధంగా, నిద్రలేమికి చికిత్స తీసుకున్న మనిషిగా ఒక విషయం చెబుతాను. మీ ప్రశ్నలో నన్ను ఆపిన వాక్యం మీ అమ్మగారు అలసిపోయి ఎనిమిదిన్నరకే మంచం ఎక్కుతారన్నది. మందులు లేకుండా నిద్రలేమిని సరిచేసే పద్ధతిలో నాకు మొదట నేర్పించిన నియమం, నిద్ర వస్తేనే మంచం మీదికి వెళ్లాలని, అలసట వచ్చిందని వెళ్లకూడదని. ఈ నియమాన్ని 1972లో రిచర్డ్ బూట్జిన్ అనే మనస్తత్వవేత్త ప్రతిపాదించాడు. మంచం మీద గంటల తరబడి మెలకువగా గడిపితే మెదడు ఆ మంచాన్ని మెలకువకు గుర్తుగా నేర్చుకుంటుందన్నది దీని ఆధారం. పావుగంట, ఇరవై నిమిషాలు గడిచినా నిద్ర పట్టకపోతే లేచి వేరే గదిలో మసక వెలుతురులో కూర్చుని, నిద్ర వచ్చాకే తిరిగి రావాలి. ఎంత ఆలస్యంగా పడుకున్నా ఉదయం ఒకే వేళకు లేవాలి, పగలు పడుకోకూడదు.

ఈ నియమం పాటించాలంటే నిద్ర వచ్చిందో లేదో తెలియాలి, నాకు అన్నిటికన్నా కష్టమైనది అదే. కొన్నేళ్లుగా ఒళ్లు బరువెక్కడాన్నే నిద్ర అనుకోవడం నాకు అలవాటైంది. కనురెప్పలు వాటంతటవే దిగడం, చదివిన వాక్యమే మళ్లీ చదవడం, తల వాలి ఉలిక్కిపడడం నిద్ర గుర్తులు. కాళ్లు పీకడం, ఎవరితోనూ మాట్లాడాలనిపించకపోవడం, ఎప్పుడు పడుకుందామా అన్న ఆలోచన నిద్ర గుర్తులు కావు. అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ అనే వైద్యుల సంఘం 2016లో పెద్దల దీర్ఘకాలిక నిద్రలేమికి మాత్రలకన్నా ముందు ఈ తరహా చికిత్సనే సిఫారసు చేసింది. మందుల దుకాణంలో అడిగి తెచ్చిన నిద్రమాత్ర మీ అమ్మగారికి ఇవ్వకండి. అలసట తగ్గకపోగా ఉదయం మగత కూడా తోడవుతుంది.

సమాధానం 3
విశ్రాంత డ్రైవింగ్ శిక్షకుడు

బస్సు డ్రైవర్లకు శిక్షణ ఇచ్చే పనిలో ఉండి పదవీ విరమణ చేశాను. నాన్నగారి కారు విషయం చదివాక రాయకుండా ఉండలేకపోయాను. అలసిన డ్రైవరు గేరు బద్ధకంగా మారుస్తాడు, చికాకు పడతాడు, హారను ఎక్కువగా కొడతాడు, కాని కళ్లు తెరిచే ఉంటాడు. నిద్రమత్తు ఉన్న డ్రైవరు కొన్ని క్షణాలపాటు అక్కడ ఉండడు. గంటకు 80 కిలోమీటర్ల వేగంతో వెళ్తూ నాలుగు సెకన్లు కునుకు తీస్తే బండి దాదాపు 90 మీటర్లు నడిపేవాడు లేకుండా సాగుతుంది. అటువంటి ప్రమాదాల్లో బ్రేకు వేసిన గుర్తులు రోడ్డు మీద తరచుగా కనిపించవు.

నేను పనిచేసిన రోజుల్లో అమలులో ఉన్న 1961 మోటారు రవాణా కార్మికుల చట్టం రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటల పని అని, ఐదు గంటల తరువాత అరగంట విశ్రాంతి అని చెప్పేది. ఆ లెక్క పని గంటలది. పగలంతా ఇంట్లో శుభకార్యం చూసుకుని రాత్రి డ్యూటీ ఎక్కినవాడు చట్టం దృష్టిలో తాజాగా ఉన్నట్టే, తెల్లవారుజామున మూడు గంటలకు రోడ్డు మీద మాత్రం అందరికన్నా ప్రమాదకరమైనవాడు. టీ తాగి పది నిమిషాలు అటూ ఇటూ నడిస్తే సరిపోతుందని మావాళ్లు గట్టిగా నమ్మేవారు. అద్దం దించడం, పాటల శబ్దం పెంచడం దాదాపు ఏ ఉపకారమూ చేయవు. బండి సురక్షితమైన చోట ఆపి, కాఫీ తాగి, వెంటనే పావుగంట నుంచి ఇరవై నిమిషాలు పడుకోవడం కొంత మేలు చేస్తుంది, ఎందుకంటే కాఫీ పనిచేయడం మొదలుపెట్టడానికి సుమారు అరగంట పడుతుంది. అది కూడా మామూలు మనిషికి ఒక పూట గట్టెక్కడానికే. మాటల మధ్యలో నిద్రపోయే మనిషికి ఈ చిట్కా చెప్పి స్టీరింగు ఇవ్వడం సరికాదు.

సమాధానం 4
హనుమకొండ లెక్కల మాస్టారు

రెండింటిలో ఏదో ఒకటే ఉండాలన్న నియమం లేదు. కోవిడ్ తరువాత నాకు మొదలైన అలసట ఒక ప్రత్యేకమైన తీరులో ఉండేది. పని చేసిన రోజు బాగానే ఉండేవాడిని, మర్నాడో ఆ మర్నాడో లేవలేకపోయేవాడిని. ఎంతసేపు నిద్రపోయినా ఆ అలసట తీరేది కాదు. అటువంటి అలసట ఆరు నెలలకు పైబడి ఉంటే దానికి వేరే నిర్ధారణ పద్ధతులున్నాయి. అటువంటివారిని రోజూ కొంచెం కొంచెం వ్యాయామం పెంచమని బలవంతపెడితే మరింత కుదేలవుతారు. మీ అమ్మగారికి శ్రమ చేసిన మర్నాడు ఎలా ఉంటుందో కూడా రాసి పెట్టుకోండి.

అడిగినవారి స్పందన
గోస్తనీ తీరం

అందరికీ కృతజ్ఞతలు. నిన్న ఫోనులోనే ఇద్దరి చేతా ఎప్‌వర్త్ ప్రశ్నలకు జవాబులు చెప్పించాను. అమ్మకు 3 వచ్చింది. నాన్న తనకు తాను వేసుకున్న అంకెలు కలిపితే 6 వచ్చింది. ఆయన పక్కకు వెళ్లాక అవే ప్రశ్నలు ఆయన గురించి అమ్మను అడిగితే 16 వచ్చింది. రాత్రి గురక మధ్యలో ఊపిరి ఆగినట్టయి, తరువాత పెద్దగా గుటక వేసి మళ్లీ మొదలవుతుందని కూడా అమ్మ చెప్పింది. ఇన్నేళ్లలో ఆ మాట ఆమెను ఎవరూ అడగలేదట. ఇప్పుడు నేను ఏ అంకెను లెక్కలోకి తీసుకోవాలి?

సమాధానం 5
జనరల్ మెడిసిన్ వైద్యుడు, రాజమహేంద్రవరం

మీ అమ్మగారు వేసిన అంకెనే తీసుకోండి. నిద్రమత్తు విషయంలో మనిషి తనను తాను తక్కువగా అంచనా వేసుకోవడం బాగా తెలిసిన సంగతి. 2003లో ప్రచురితమైన ఒక అమెరికా ప్రయోగంలో ఆరోగ్యవంతులను 14 రోజులపాటు రాత్రికి 6 గంటలకు మించి నిద్రపోనివ్వలేదు. ఏకాగ్రత పరీక్షల్లో వారి పనితీరు రోజురోజుకూ దిగజారుతూ పోయింది, వారికి మాత్రం తొలి కొన్ని రోజుల తరువాత నిద్రమత్తు పెద్దగా పెరిగినట్టు అనిపించలేదు. ఏళ్ల తరబడి చెడిన నిద్రతో బతికే మనిషికి తాను మామూలుగానే ఉన్నాననిపించడంలో ఆశ్చర్యం లేదు. అలసట విషయంలో దీనికి విరుద్ధంగా ఉంటుంది: దాన్ని అనుభవించేవారి మాటే ప్రధాన సాక్ష్యం, పక్కవారికి అది బద్ధకంగా కనిపించవచ్చు. అందుకే నాన్నగారి సంగతి అమ్మగారిని అడగాలి, అమ్మగారి సంగతి అమ్మగారినే అడగాలి.

ఊపిరి ఆగడం కళ్లారా చూసిన మనిషి ఉన్నారు కనుక ఇక ఆలస్యం వద్దు. ఛాతీ వైద్యుల వద్ద గాని, చెవి, ముక్కు, గొంతు వైద్యుల వద్ద గాని రాత్రి నిద్ర పరీక్ష గురించి అడగండి, ఇంట్లోనే చేసే పరికరాలు కూడా ఇప్పుడు ఉన్నాయి. ఆ ఫలితం వచ్చి చికిత్స కుదిరేదాకా ఆయన కారు నడపకూడదు. ఈ మాట మీరు చెబితే ఆయన వినకపోవచ్చు, వైద్యుని చేత చెప్పించండి, ఆకివీడు పనులకు డ్రైవరును పెట్టండి. ప్రెగబాలిన్ వల్ల కూడా మగత వస్తుంది, ఆ మోతాదును, వేళను రాసిన వైద్యునితో మరోసారి చర్చించండి. దాన్ని మీ అంతట మీరు ఒక్కసారిగా ఆపకండి. మెట్‌ఫార్మిన్ చాలా కాలం వాడినవారిలో బి12 తగ్గవచ్చు, ఆయనకూ ఆ పరీక్ష అవసరమే. జలుబు చేసినప్పుడు దుకాణంలో ఇచ్చే మాత్రల్లో చాలావాటిలో మత్తు కలిగించే మందు ఉంటుంది కనుక అవి వేసుకోకుండా చూడండి.

స్లీప్ ఆప్నియా అని తేలితే ముక్కుకు తొడిగే గొట్టం ద్వారా గాలిని ఒత్తిడితో పంపే సీపాప్ యంత్రం ఇస్తారు. దాన్ని క్రమంగా వాడినవారిలో నిద్రమత్తు సాధారణంగా కొన్ని వారాల్లో తగ్గుముఖం పడుతుంది. మత్తు తగ్గాక కూడా ఆయన ఓపిక లేదనే అంటుంటే, అప్పటిదాకా మత్తు చాటున దాగిన అలసట బయటపడిందని అనుకుని బి12, థైరాయిడ్, చక్కెర వైపు చూడాలి.

అమ్మగారి 3 చూసి ఆమెకు ఆప్నియా లేదని మాత్రం తేల్చేయకండి. నెలసరి ఆగిన తరువాత స్త్రీలలో ఈ జబ్బు పెరుగుతుంది, వారిలో చాలామంది తూగుతున్నామని చెప్పరు, అలసట అనో నిద్ర పట్టడం లేదనో చెబుతారు. ఆమెకు ముందు ఫెరిటిన్, థైరాయిడ్ ఫలితాలు రానివ్వండి. ఇనుము మాత్రలు రాస్తే వాటిని టీతోనో కాఫీతోనో వేసుకోకుండా గంటసేపు ఎడం పాటించమనండి. నిల్వలు నిండడానికి నెలలు పడుతుంది కనుక పది రోజుల్లో గుణం కనిపించలేదని ఆపేయవద్దు. రెండో సమాధానంలో చెప్పిన మంచం నియమాన్ని ఈలోగా మొదలుపెట్టవచ్చు. ఇనుము నిండి, కాళ్ల ఇబ్బంది తగ్గిన తరువాత కూడా ఆమెకు ఉదయం తలనొప్పితోనో, నోరు ఎండిపోయో మెలకువ వస్తుంటే, నాన్నగారి గురక చప్పుడులో ఇన్నేళ్లుగా ఎవరికీ వినపడని గురక ఆమెకు కూడా ఉందేమో మీరు ఒక రాత్రి ఆ గదిలో పడుకుని వినండి.